మిల్లు నీళ్ళు, మీ తాతయ్య మీద కేసు

"అమ్మమ్మా, తాతయ్య మీద ఒకప్పుడు కేసు పెట్టారటగా? నిజమేనా?"

ఎవరు చెప్పారే నీకు? మీ చిన్న మావయ్యేనా? వాడికి సగం తెలిస్తే చాలు, మిగతా సగం కల్పించి ఊరంతా చెబుతాడు. పోలీసు కేసు కాదమ్మా, ఫిషరీసు వాళ్ళ కేసు. కొల్లేట్లో మీ తాతయ్య విషం కలిపాడని. నవ్వకు. చీమ కనిపిస్తే పక్కనుంచి నడిచే మనిషి ఆయన. అదే నా మీద పెట్టి ఉంటే మన లంకలో ఒక్కరూ ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు, నా నోటి సంగతి అందరికీ తెలుసు కాబట్టి.

ఆ బొమ్మిడాయిల గిన్నె ఇటు జరుపు, చేపలకి బూడిదేసి తోముతూ చెబుతా. చేతులు ఊరికే ఉంటే నాకు మాట రాదు.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చింది. రాజధాని కర్నూలు. హైదరాబాదు ఇంకా మనది కాదు. మీ అమ్మ అప్పటికి చంకలో... కాదు కాదు, మీ అమ్మెక్కడిది, మీ పెద్ద మావయ్య చంకలో ఉన్నాడు. మీ అమ్మ ఆ తర్వాత. నాకు కాపరానికొచ్చి నాలుగేళ్ళో అయిదేళ్ళో. మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం కదా. మా నాన్న అక్కడ స్టేషన్లో చేపల గంపలు రైలెక్కించేవాడు. గంపలు ఎక్కించి, జనం పెట్టెల్లో వదిలేసి పోయిన పేపర్లు ఏరుకొచ్చేవాడు నా కోసం. నా బడి అంతా అదే. నిన్నటి పేపరు, మొన్నటి పేపరు, ఒక్కోసారి సగం పేపరు. దేశంలో ఏ సంగతైనా నాకు ఒకరోజు ఆలస్యంగా తెలిసేది గానీ, తెలిసేది. మన లంకలో అది కూడా తెలియని మగాళ్ళు బోలెడంత మంది. అందుకని నాకు కొంచెం పొగరు ఉండేది. ఉండేది ఏంటిలే, ఉంది. ఆ పొగరు వల్లే ఈ కథలో నాకు తగలాల్సింది తగిలింది, చెబుతా.

ఏలూరికి ఇవతల కొత్తగా అట్టల మిల్లు పెట్టారు. వరిగడ్డిని సున్నం నీళ్ళలో ఉడకేసి, నలిపి, అట్టలు చేస్తారు. పుస్తకాలకి వేస్తారే, ఆ అట్టలు. ఓపెనింగుకి ఒక మంత్రిగారొచ్చారు. మా అత్త తప్ప మేమంతా చూడ్డానికి వెళ్ళాం, పిల్లల్ని భుజాలకెత్తుకుని. మైకులో ఆయన అన్నారు కదా, ఈ మిల్లు షావుకారుది కాదు, మీ అందరిది, దేశానిది అని. జనం చప్పట్లు. నేనూ కొట్టా. పుస్తకానికి అట్ట కావాలి కదా, నాకు ఆ మిల్లంటే గౌరవమే. పక్క కుర్చీలో షావుకారు కూర్చుని, ఆయన కూడా చప్పట్లు కొట్టాడు. తన మిల్లు తనది కాదంటే ఎవడన్నా చప్పట్లు కొడతాడా? నాకు అక్కడే అనుమానం రావాలి. రాలేదు. బూందీ పంచుతున్నారు, అటు చూశాం.

ఆ మిల్లు నీళ్ళు మురుగు కాలువలో పడి, ఆ కాలువ తిరిగి తిరిగి వచ్చి మన లంక పక్కనే కొల్లేట్లో కలుస్తుంది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ పట్టలేదు. నీళ్ళన్నాక ఎక్కడో అక్కడ కలుస్తాయి కదా అని.

వేసవి వచ్చింది. కొల్లేరు తగ్గి, కిక్కిస గడ్డి నిలువునా బయటపడ్డ రోజులు. ఒక పొద్దున్న మీ తాతయ్య రేవులోకి వెళ్ళి ఉత్త చేతుల్తో తిరిగొచ్చి, "ఏమే, గంప ఇవ్వు, రెండివ్వు" అన్నాడు. వెళ్ళి చూద్దునా, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని తూలుతున్నాయి. జెల్లలు, ఇంగిలాయిలు, పరిగెలు, అన్నీ. కొరమీను సైతం గట్టు మట్టిలోకి ఎగబాకుతోంది. వల అక్కర్లేదు, మావు అక్కర్లేదు. మావంటే తెలుసుగా, వెదురు పుల్లలతో అల్లిన బుట్ట, అటక మీద ఉంది చూడు, చేప దూరితే బయటికి రాలేదు. అవేమీ లేకుండా, తోటకూర కోసుకున్నట్టు చేత్తో ఏరుకోవడమే.

మూడు రోజులు లంక లంకంతా ఏరింది. ఎవరికీ ఒక్క ప్రశ్న రాలేదు. కొల్లేటికి మన మీద దయ కలిగిందన్నారు ముసలమ్మలు. పేపర్లు చదివే నేను, అన్నీ తెలిసిన నేను, నేనూ ఏరా. అబద్ధమెందుకు. కొంగు నిండా ఏరా. మా అత్త ఒక్కతే ఏరలేదు. "నోరు తెరుచుకుని అడుగుతున్న చేపని పట్టకూడదే" అంది. ముసలిదానికి చాదస్తం అనుకున్నా.

నాలుగో రోజు ఫిషరీసు గార్డు వచ్చాడు. ఉండి అనే ఊరి వైపు మనిషి, కాకీ నిక్కరు, చేతిలో బెత్తం. దూరం నుంచి కనబడగానే అందరూ గంపలు కిక్కిసలోకి తోసేశారు. మీ తాతయ్యకి ఆ తెలివి ఎక్కడిది? దోనె నిండా చేపలు పెట్టుకుని గార్డుకి ఎదురుగా వచ్చాడు, పలకరిద్దామని.

గార్డు ఒక చేపని ఎత్తి చూశాడు. "వల గాటు లేదు. గాలం గాటు లేదు. కళ్ళు తెల్లబడ్డాయి. ఏం మందు కలిపావు?"

"మందేంటండీ, ఏరానండీ."

"ఎక్కడ ఏరావు?"

"నీళ్ళలోనండీ."

"నీళ్ళలో చేపలు పడతారయ్యా, ఏరతారా ఎవరైనా?"

"ఇవి ఏరిన చేపలేనండీ" అంటాడు ఈయన. ఇంకో మాట రాదు. నిజం చెప్పేవాళ్ళతో వచ్చిన చిక్కే అది, ఒకటే మాట ఉంటుంది వాళ్ళ దగ్గర.

నీళ్ళలో మందు కలిపి చేపలు పడితే నేరమని ఇంగ్లీషు వాళ్ళ నాటి చట్టం ఒకటుంది. కేసు రాశాడు. దోనె తీసుకుపోయి గట్టున గొలుసేసి కట్టాడు. వచ్చే బుధవారం ఏలూరు ఆఫీసులో ఇనస్పెక్టరుగారి ముందు నిలబడమన్నాడు.

తాటి దోనె ఎలా చేస్తారో నువ్వు చూడలేదు. ఈనాడు ఎక్కడున్నాయిలే. ముదురు తాడి మొద్దు చూసి, నరికి, రెండుగా చీల్చి, లోపలి మెత్తనంతా తొలిచి, ఆరబెట్టి, ఎంత పని. ఆ దోనె మీ తాతయ్యకి వాళ్ళ నాన్న తొలిచి ఇచ్చింది. అదీ పోయిందే అని కూర్చుంటే, సాయంత్రానికి లంక పెద్దలు పిలిచారు. అసలు భయం అక్కడ. ఫిషరీసు వాళ్ళు ఏం చేస్తారు, నాలుగు రోజులు లోపల పెడతారు. మన పెద్దలు అలా కాదు. దొంగతనం చేసినా, తాగి తల పగలగొట్టినా, తప్పు డబ్బు కట్టి లంకలో బతకొచ్చు. కొల్లేట్లో మందేసినవాడికి మాత్రం రేవులో చోటు లేదు. వాడి దోనె ఎవరూ తొయ్యరు, వాడింటికి పిల్లనివ్వరు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని నేను అది వింటున్నా.

"బుధవారం కేసు నిజమని తేలితే, నీకు రేవు లేదు" అన్నాడు పెద్దాయన. మీ తాతయ్య తలొంచుకున్నాడు.

నేను లేచా. "పెద్దయ్యా, మీ చూరు మీద ఎండుతున్నాయే, ఆ చేపలు ఏ వల్లో పడ్డాయి?"

పక్కాయన, "ఆడదానితో మాటలేంటి" అన్నాడు.

"మాటలు వద్దులే మావా, నీ ఇంటి మీద ఎండేవి ఒక నాలుగు తెచ్చి చూపించు, వల గాటు ఎక్కడుందో వెతుకుదాం."

వాళ్ళు చెడ్డవాళ్ళు కాదమ్మా. భయపడ్డారు. ఒకడి మీదకి పోతే మిగతావాళ్ళ రేవు మిగులుతుందని. నేను వాళ్ళని తిట్టింది తిట్టిందే, కానీ ఆ భయం నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే కుండ పట్టుకుని మురుగు కాలువ గట్టున నడిచా. పైకి పోయేకొద్దీ నీళ్ళు కాఫీ రంగుకి తిరిగాయి. ఆ పైన నురగ. కుళ్ళిన గడ్డి కంపు, దాని మీద సున్నం ఘాటు, ముక్కు పుటాలు మండిపోయాయి. చివరికి మిల్లు గోడ, గోడ కింద ఇంత గొట్టం. అక్కడ వంగి కుండ నింపుతుంటే వాచ్‌మన్ చూశాడు. "ఏంటమ్మా, ఆ నీళ్ళు నీకెందుకు?"

"మిల్లు మాదే కదా బాబూ, మంత్రిగారు చెప్పారు. మా నీళ్ళు కుండెడు పట్టుకెళ్తున్నా."

వాడు పాపం నిజమే కాబోలు అనుకున్నాడు.

నా ఆలోచన ఏంటంటే, బతికున్న కొరమీనుని ఒక కుండలో తీసుకెళ్ళాలి. ఇనస్పెక్టరుగారి ముందు దాని మీద ఈ మిల్లు నీళ్ళు పొయ్యాలి. కొరమీను ఎంత మొండిదో నీకు తెలుసు, తడిగుడ్డలో చుట్టినా పూటంతా బతుకుతుంది. అది తేలిపోతే ఇంక సాక్ష్యం ఏం కావాలి? పేపర్లో కోర్టు కేసులు చదివీ చదివీ, ప్లీడరు మాటల్లాగా నాలుగు మాటలు కూడా కూర్చుకుని పెట్టుకున్నా.

బుధవారం తెల్లారగట్ల బయల్దేరాం. మీ తాతయ్యని గార్డు ముందే తీసుకుపోయాడు. నేనూ, మా అత్తా. కొరమీను కుండ నా నెత్తిన, మిల్లు నీళ్ళ కుండ, మూత కట్టి, మా అత్త నెత్తిన. ఆవిడకి అందులో ఏముందో చెప్పలేదు. చదువు లేని మనిషికి సాక్ష్యాలూ అవీ ఎందుకు చెప్పడం అనుకున్నా. ఆవిడ కూడా అడగలేదు. ముప్పై ఏళ్ళు ఏలూరు బజారుకి బతికున్న కొరమీన్లు మోసింది. పక్కన ఎప్పుడూ ఇంకో కుండ మంచినీళ్ళు ఉండేవి, దారిలో మార్చడానికి. ఇది కూడా అదే అనుకుంది.

ఏలూరు చేరాక కాలువ రేవు దగ్గర ఆవిణ్ణి కూర్చోబెట్టి, అర్జీ కాగితం కొనుక్కురావడానికి బజారుకెళ్ళా. తిరిగొచ్చి కుండలెత్తుకుని, ఆఫీసుకి పోయాం.

ఇనస్పెక్టరుగారు వయసు మళ్ళినాయన, కళ్ళజోడు, జంధ్యం చొక్కాలోంచి కనబడుతోంది, చేపల ఆఫీసులో ఈయనేం చేస్తున్నాడో అనుకున్నా. మీ తాతయ్య గోడ పక్కన నిలబడ్డాడు. గార్డు కేసంతా చదివాడు. నేను ముందుకొచ్చి, "అయ్యా, ఇది మిల్లు గొట్టం కింద నా చేత్తో పట్టిన నీళ్ళండీ. ఇదుగో బతికున్న చేప. మీ కళ్ళెదురుగా చూడండి" అని మూత విప్పి, లోపలికి చూసుకోకుండానే కుండ వంచి, మొత్తం పోశా.

ఏం జరిగిందనుకుంటున్నావు? దారంతా కుండలో వాడిపోయి పడున్న కొరమీను, నీళ్ళు పడగానే ఒక్క ఎగురు ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. ఇనస్పెక్టరుగారి కాగితాలు తడిశాయి, కళ్ళజోడు తడిసింది. గుమాస్తాలు బల్లలు కొట్టి నవ్వారు. గార్డయితే, "ఆ మిల్లు నీళ్ళు నాకూ ఒక చెంబు పొయ్యమ్మా, నడుం నెప్పి తగ్గుతుంది" అన్నాడు.

నేను కుండ వాసన చూశా. శుభ్రమైన కాలువ నీళ్ళు. మా అత్త వైపు తిరిగా.

"నేనే పారబోశా" అంది ఆవిడ, నిమ్మళంగా. "అవేం నీళ్ళే? చేపకి పొయ్యాల్సిన నీళ్ళేనా అవి? మూత తీద్దును కదా, కుళ్ళు గడ్డి కంపు, సున్నం కంపు. రేవు పక్కన గుంటలో పారబోసి, కుండ మూడుసార్లు కడిగి, కాలువ నీళ్ళు పట్టా. పేపర్లు చదువుతావు, చేపకి ఏ నీళ్ళు పొయ్యాలో తెలీదు నీకు."

అందరి ముందూ. నేను కూర్చుకున్న ప్లీడరు మాటలు ఒక్కటీ పనికి రాలేదు. మీ తాతయ్య ముఖం చూశా. ఆయన రేవు, పిల్లాడి రేవు, అన్నీ ఆ గుంటలో పారబోసినట్టే అనిపించింది.

మా అత్త ఇంకా ఆపలేదు. "ఊరికే పారబోశానా, ఉసురు తగిలింది. ఆ గుంటలో చిట్టి పరిగెలు ఉన్నాయి, నేను చూసుకోలేదు. అన్నీ నోళ్ళు తెరిచి పైకి తేలిపోయాయి. కొంగుతో నాలుగు పట్టి కాలువలో వేశా. మిగతావి పోయాయి. ఆ పాపం నీదే."

నవ్వులు తగ్గాయి. ఇనస్పెక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నవాడు ఆగాడు. "పెద్దమ్మా, ఆ మిల్లు దగ్గరికి నువ్వెప్పుడన్నా వెళ్ళావా?"

"ఏ మిల్లండీ?"

"అట్టల మిల్లు. గడ్డి సున్నంలో ఉడకేస్తారు."

"ఎవరన్నా గడ్డి ఉడకేస్తారా అండీ, గొడ్లకి కూడా పచ్చిదే వేస్తాం" అంది.

మిల్లంటేనే తెలియని మనిషి ఆ సున్నం కంపు, గడ్డి కంపు కల్పించి చెప్పదు కదా, ఆయన లేచాడు. చెప్పులేసుకుని, "ఆ గుంట ఎక్కడో చూపించు" అన్నాడు. ఆఫీసంతా కదిలింది. ముందు మా అత్త, వెనక ఇనస్పెక్టరుగారు, గార్డు, గుమాస్తాలు, మీ తాతయ్య, కొరమీను కుండతో నేను. ఏలూరు బజారులో జనం పెళ్ళేమో అని చూశారు. గుంట దగ్గర ఆయన గొంతుక్కూర్చుని, చచ్చిన పరిగెల్ని అరచేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు తెల్లబడి ఉన్నాయి. గార్డుకి చూపించాడు. గార్డు నడుం నెప్పి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆఫీసుకొచ్చాక ఇనస్పెక్టరుగారు అన్నారు, "నీ మొగుడి తప్పు లేదమ్మా. కేసు కొట్టేస్తా. వెళ్ళి దోనె విడిపించుకోండి." ఈయన దణ్ణం పెట్టి గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. నేను కదల్లేదు.

"కేసెందుకండీ కొట్టేస్తారు? కొల్లేట్లో విషం కలిసిందా లేదా?"

"కలిసింది."

"మరి కేసు అలాగే ఉంచండి. పేరొక్కటే కొట్టెయ్యండి."

గార్డు, "ఇదెక్కడి ఆడదండీ, మొగుణ్ణి వదిలేస్తామంటే కేసు కావాలంటుంది" అన్నాడు.

ఇనస్పెక్టరుగారు మంచాయనే. మెల్లగా చెప్పాడు. "మిల్లు దేశానికి కావాలమ్మా. ఇలాంటివి ఇంకా వస్తాయి. పంచవర్ష ప్లానులో ఉన్నాయి."

"రానివ్వండి. పుస్తకాలకి అట్టలు కావాలి, నేను కాదనను. మరి అట్టలు దేశానివైతే, ఆ గొట్టంలోంచి వచ్చేది ఎవరిదండీ? అదొక్కటీ మా ఆయనదా?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "చేపలు పట్టడానికి మందు కలిపితే ఏం రాయాలో నాకు తెలుసు. అట్టలు చెయ్యడానికి కలిపితే ఏం రాయాలో నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

"అయితే ఆ మాటే రాయండి. మీకెవరూ చెప్పలేదని. ఎవరు చెప్పాలో వాళ్ళ దాకా పోతుంది."

రాశాడమ్మా. నీళ్ళలో సున్నం, కుళ్ళిన గడ్డి, చచ్చిన చేపలు, అన్నీ రాశాడు. ముద్దాయి పేరు దగ్గర కలం ఆగింది. మీ తాతయ్య పేరు గీత గీసి కొట్టేసి, పక్కన ఏమీ రాయకుండా వదిలేశాడు.

ఆ కాగితం నాకంటే ఎక్కువ ఊళ్ళు తిరిగింది. కర్నూలెళ్ళింది. రాజధాని మారితే దాంతోపాటు హైదరాబాదెళ్ళింది. నేను ఊరుకోను కదా, ఢిల్లీకి కూడా ఒక అర్జీ రాశా. ఢిల్లీ వాళ్ళు, ఇది రాష్ట్రం చూసుకోవాలి, వాళ్ళకి పంపాం అన్నారు. రాష్ట్రం వాళ్ళు, ఇది ఢిల్లీ చూడాల్సిన సంగతి, అక్కడికి పంపాం అన్నారు. ఇద్దరూ పండక్కి అరిసెలు పంపుకున్నట్టు పంపుకున్నారు. మధ్యలో ఒకాయన జీపులో వచ్చి చూశాడు, ఆ ఏడే మిల్లు వాళ్ళు రెండు పెద్ద గుంటలు తవ్వించి, నీళ్ళు నిలబెట్టి, తేరాక వదలడం మొదలుపెట్టారు. రెండు వేసవులు ఒక్క చేప తేలలేదు. తర్వాత గుంటలు పూడిపోయాయి. పూడిక ఎవరు తియ్యాలని మళ్ళీ కాగితాలు. దేశం పెద్దదమ్మా, ఎవరికి వాళ్ళు పక్కవాడు దేశం అనుకుంటారు.

మన పెద్దలా? దోనె తెచ్చుకున్న రోజు రేవులో అందరూ వచ్చి చెయ్యేసి తోశారు. ఒక్కరూ ఏమీ అనలేదు. పెద్దాయన మాత్రం మా ఇంటికి ఒక వాలుగ చేపని పంపించాడు. వల గాటున్న చేప, బాగా కనిపించేలాగా పైకి పెట్టి మరీ. నేను నవ్వలేక చచ్చా.

ఆ, ఇంకో మాట. ఆ బుధవారం తిరిగొస్తుంటే దారిలో మీ తాతయ్య, "మా అమ్మ పారబొయ్యకపోతే బాగుండేది, ఇంత గొడవ లేకుండా తేలేది" అన్నాడు. నేనూ గుర్రుగానే ఉన్నా. మా అత్త ఖాళీ కుండ నెత్తిన పెట్టుకుని ముందు నడుస్తోంది. వెనక్కి తిరక్కుండానే అంది, "మొయ్యమంటే మోస్తానే. ఎన్ని కోసుల దూరమైనా మోస్తా. ఈసారి లోపల ఏముందో చెప్పి ఎత్తు."

నేను తల వంచింది నా జన్మలో ఆ ఒక్కసారే అనుకుంటా. మీ తాతయ్యని అడుగు, ఒక్కసారి కూడా కాదంటాడు. ఇంతమంది పెద్దవాళ్ళు, మైకుల్లో ఎన్నో చెప్పారు. అట్టలన్నారు, దేశమన్నారు, మీదే అన్నారు. లోపల ఏముందో, ఆ ఒక్క ముక్కా ఎవరూ...

సరేలే. బొమ్మిడాయిలు అయిపోయాయి. చల్లగా ఉండు తల్లీ, నిండు నూరేళ్ళు. రేపు పెద్ద ఉద్యోగాలు చేస్తావు, జనం చేత మోయిస్తావు కూడా. మోయించే ముందు మూత తీసి చూపించు. ఆ నీళ్ళు ఇలా అందుకో, చేతులు కడుక్కుంటా.